అద్దం తొలగిన తరువాత

2009 జూన్ 16వ తేదీన జపానుకు చెందిన ఒలింపస్ సంస్థ 'పెన్ ఇ-పి1' అనే కొత్త కెమేరాను ప్రకటించింది. కొద్ది రోజులలో అది అంగళ్ళకు వచ్చింది. కెమేరాతో తల పండిన వారెవరైనా దానిని మొదటిసారి చేతిలోకి తీసుకున్నప్పుడు చేసిన పని దాదాపు ఒక్కటే. కుడిచేత్తో పట్టుకుని, ఎడమ అరచేతిని లెన్సు కింద ఆనించి, అలవాటు చొప్పున కంటి దగ్గరికి ఎత్తారు. కన్ను ఆనించడానికి అక్కడ ఏమీ లేదు. చెయ్యి ఒక్క క్షణం గాలిలో ఆగి, కొంచెం సిగ్గుపడినట్లు కిందికి దిగింది. అప్పుడు రెండు చేతులూ ముందుకు చాచి, కెమేరా వెనుకనున్న మూడంగుళాల తెర వంక చూడవలసి వచ్చింది. చత్వారం వచ్చినవారు జేబులో కళ్ళజోడు కోసం తడుముకున్నారు.

ఆ కెమేరా గురించి ఆ తరువాత ఫోటోగ్రాఫర్లు వెలిబుచ్చిన అభిప్రాయాలన్నీ, మెచ్చుకోళ్ళూ, ఎత్తిపొడుపులూ, వాదోపవాదాలూ, ఆ ఒక్క క్షణంలోనే ఇమిడి ఉన్నాయి. పైకి చూస్తే అది ఒక యంత్రాన్ని గురించిన చర్చ. కొంచెం లోతుకు వెళితే, ఫోటో తీసేవాడికీ తీయించుకునేవాడికీ మధ్యనున్న సంబంధం గురించిన చర్చ.

అంతకు పూర్వం సగం శతాబ్దంపాటు, మంచి కెమేరా అంటే లోపల అద్దం ఉన్న కెమేరా అనే అభిప్రాయం స్థిరపడిపోయింది. లెన్సుగుండా లోపలికి వచ్చిన వెలుతురు నలభై అయిదు డిగ్రీల వాలున నిలిపిన చిన్న అద్దం మీద పడి పైకి మళ్ళుతుంది. పైన ఉన్న పట్టకంలో తిరగబడి, నిటారుగా సరిచేసుకుని, ఫోటోగ్రాఫరు కంటిని చేరుతుంది. లెన్సు ఏది చూస్తున్నదో కన్ను అదే చూస్తుంది. మీట నొక్కగానే అద్దం టపీమని పైకి లేచి దారి ఇస్తుంది. షట్టరు తెరుచుకుని మూసుకుంటుంది. అద్దం మళ్ళీ స్వస్థానానికి దిగుతుంది. 1959లో నికాన్ సంస్థ విడుదల చేసిన 'ఎఫ్' కెమేరాతో ఈ పద్ధతి పత్రికా ఛాయాచిత్రకారుల ప్రపంచాన్ని జయించింది. ఫిల్ము పోయి డిజిటల్ వచ్చినా అద్దం మాత్రం కదలలేదు.

నిజానికి డిజిటల్ కెమేరాకు ఆ అద్దంతో అవసరం తీరిపోయింది. ఫిల్ము గుడ్డిది. అది ఏమి చూసిందో కడిగేదాకా చెప్పదు. దాని స్థానంలోకి వచ్చిన సెన్సరు అలా కాదు. తనమీద పడిన దృశ్యాన్ని ఎప్పటికప్పుడు తెరమీద చూపగలదు. మరి అద్దమెందుకు? ఈ ప్రశ్నకు సమాధానంగా 2008 ఆగస్టులో ఒలింపస్, పానసోనిక్ సంస్థలు కలిసి 'మైక్రో ఫోర్ థర్డ్స్' అనే కొత్త ప్రమాణాన్ని ప్రకటించాయి. అద్దం ఊగడానికి కావలసిన చోటు మిగిలిపోవడంతో లెన్సుకూ సెన్సరుకూ మధ్యనున్న దూరం సుమారు 40 మిల్లీమీటర్లనుంచి సగానికి తగ్గింది. పట్టకం ఉండే గూని పోయింది. కెమేరా పలచబడింది. లెన్సులు మార్చుకునే సదుపాయం మాత్రం అలాగే నిలిచింది.

ఆ ప్రమాణంతో మొదట వచ్చినది 2008 సెప్టెంబరులో ప్రకటించిన పానసోనిక్ 'జి1'. కాని దానిని చూసి ఎవరూ పెద్దగా ఉలిక్కిపడలేదు. లోపల అద్దం లేకపోయినా, పైకి అద్దపు కెమేరా రూపాన్నే అది ధరించింది. కన్ను ఆనించడానికి చిన్న ఎలెక్ట్రానిక్ తెర కూడా ఉన్నది. కొత్త కోడలు అత్తవారి పద్ధతులన్నీ మొదటిరోజే నేర్చుకుని వచ్చినట్లు అణకువగా వచ్చింది. ఇ-పి1 అలా కాదు. లోహపు ఒళ్ళు, చదునైన రూపం, బ్యాటరీ తీసివేస్తే 335 గ్రాముల బరువు. కంటి గూడు లేదు, సొంత ఫ్లాష్ దీపమైనా లేదు. తాను లేనివాటిని దాచుకోకుండా నిలబడింది.

మొదటి స్పందన ముచ్చట. అందులో సందేహం లేదు. 1959నాటి పాత 'పెన్' కెమేరాను ఎరిగినవారికి దాని ముఖకవళికలు గుర్తుకు వచ్చాయి. ఏళ్ళ తరబడి భుజాన కిలోల కొద్దీ బరువు మోసి మెడనొప్పి తెచ్చుకున్నవారు దానిని చేతిలో తూచి చూసుకున్నారు. బిళ్ళలాగా పలచగా ఉన్న 17 మిల్లీమీటర్ల లెన్సు తగిలిస్తే కోటు జేబులో ఇమిడిపోయింది. అయితే ముచ్చట ముగిసిన మరునాటినుంచి ఫిర్యాదులు మొదలైనాయి.

ఎండలో తెర కనిపించదని ఒకరు. నిజమే, మిట్టమధ్యాహ్నం తెరమీద దృశ్యానికి బదులు తన చొక్కా గుండీలు కనిపిస్తే ఫోటోగ్రాఫరు ఏమి తీస్తాడు? చేతులు చాచి పట్టుకుంటే వణుకు వస్తుందని మరొకరు. ఇదీ నిజమే, నుదుటికీ రెండు మోచేతులకూ ఆన్చి పట్టుకున్న కెమేరాకు మనిషి ఒళ్ళే ముక్కాలిపీట. ఆ ఆధారం ఈ కొత్తదానికి లేదు. వణుకును సర్దే ఏర్పాటు కెమేరా ఒంట్లోనే ఉన్నదని తయారీదారులు చెప్పినా, అలవాటు పడిన చేతులు అంత తేలికగా సమాధానపడలేదు.

అన్నిటికన్నా బలమైన ఫిర్యాదు ఫోకస్ గురించి. అద్దపు కెమేరాలో ఫోకస్ చూడడానికి వేరే పరికరం ఉంటుంది. దృశ్యం ఎటువైపు తప్పిందో, ఎంత తప్పిందో అది ఒక్క చూపులో పసిగట్టి, లెన్సును నేరుగా అక్కడికి నడిపిస్తుంది. ఇ-పి1లో సెన్సరే ఆ పని చేసుకోవాలి. దృశ్యంలో గీతలు ఎంత స్పష్టంగా ఉన్నాయో కొలుస్తూ లెన్సును ముందుకు జరుపుతుంది. స్పష్టత పెరిగినంతసేపూ జరుపుతూ పోయి, తగ్గడం మొదలైనప్పుడు గాని దాటివచ్చానని గ్రహించదు. అప్పుడు వెనక్కు వస్తుంది. తంబురా శ్రుతి చేసేవాడు తీగను బిగిస్తూ, స్థాయి దాటినాక సడలించి సరిచేసుకున్నట్టు. కచ్చేరీకి ముందు అది అందంగానే ఉంటుంది. పరుగెత్తే పిల్లవాడిని ఫోటో తీయబోయినప్పుడు మాత్రం, శ్రుతి కుదిరేసరికి పిల్లవాడు వీధి మలుపు తిరిగిపోతాడు.

ఈ మాటలు అన్నవారందరూ ఛాందసులు కారు. వారు కొత్తను ద్వేషించి అనలేదు. తమ పని ఎరిగి అన్నారు. అందుకు నిదర్శనం, తయారీదారులు ఆ ఫిర్యాదులకు వరుసగా జవాబు చెప్పుకోవలసి రావడమే. అదే ఏడాది నవంబరులో ప్రకటించిన 'ఇ-పి2'కు పైన తగిలించుకునే ఎలెక్ట్రానిక్ కంటి గూడు అమర్చే వీలు కల్పించారు. 2011 నుంచి ఫోకస్ దిశను సెన్సరే పసిగట్టే పద్ధతి అద్దం లేని కెమేరాలలోకి ప్రవేశించింది. ఎత్తిచూపినవాడు లేకపోతే లోపం లోపంగానే నిలిచిపోతుంది.

అనుకోని సంతోషం మరొక వైపునుంచి వచ్చింది. లెన్సుకూ సెన్సరుకూ మధ్య దూరం తగ్గడంవల్ల, ఒక చిన్న లోహపు ఉంగరం మధ్యలో పెట్టి, దాదాపు ఏ పాత లెన్సునైనా ఈ కెమేరాకు తగిలించడం సాధ్యమైంది. తండ్రులూ తాతలూ వాడి, ఫిల్ము కాలం ముగిశాక అటకమీద పడివున్న లెన్సులు, బూజు దులుపుకుని కిందికి దిగాయి. సెన్సరు చిన్నది కావడంవల్ల వాటి చూపు సగానికి కుదించుకుపోయేది. 50 మిల్లీమీటర్ల లెన్సు 100 మిల్లీమీటర్ల లెన్సులా చూసేది. ఫోకస్ చేత్తో తిప్పుకోవలసిందే. అయినా కొత్తదనానికి ప్రతీకగా వచ్చిన యంత్రం పాతవాటికి ప్రాణం పోయడం వింత. కెమేరాను తిట్టిన నోళ్ళే ఈ ఒక్క గుణానికి దానిని దగ్గరికి తీసుకున్నాయి.

చిన్న కెమేరా వచ్చినప్పుడల్లా 'ఇది ఆటబొమ్మ' అనే మాట కూడా వెంట వస్తూనే ఉన్నది. జర్మనీలోని వెట్జ్లార్ పట్టణంలో ఆస్కార్ బార్నాక్ అనే ఇంజనీరు, గాజుపలకల బరువైన కెమేరాలు మోయలేక, సినిమా ఫిల్ముతో పనిచేసే అరచేతి కెమేరా ఒకటి తయారుచేశాడు. అదే 1925లో లైప్జిగ్ సంతలో లోకం ముందుకు వచ్చిన 'లైకా'. తపాలాబిళ్ళంత నెగెటివుతో గొప్ప ఫోటో వస్తుందంటే ఆనాటి స్టూడియోల యజమానులు నవ్వుకున్నారు. పదేళ్ళు తిరగకుండానే ఫోటో పత్రికారచనకు అది చేతి కలమైంది. దానిలోనూ అద్దం లేదన్న సంగతి 2009లో చాలామంది మరచిపోయారు.

1959నాటి 'పెన్' కథ కూడా అటువంటిదే. ఒలింపస్‌లో చేరి మూడేళ్ళయినా కాని యొషిహిసా మయితాని అనే యువకుడు, 6,000 యెన్ల ధరకు అమ్మగల మంచి కెమేరా చేయాలని పట్టుపట్టాడు. డబ్బులో సింహభాగం లెన్సుకే వెచ్చించి, మిగిలినదంతా వీలైనంత సరళం చేశాడు. ఫిల్ములో ఒక చట్రానికి బదులు సగం చట్రం వాడడంవల్ల 36 బొమ్మల చుట్టలో 72 బొమ్మలు పడేవి. కలంలాగా జేబులో పెట్టుకు తిరగాలన్నది ఆ పేరులోని ఉద్దేశం. మధ్యతరగతి జపాను కుటుంబాలు ఆదివారాలను, పిల్లల పుట్టినరోజులను దాచుకున్నది అటువంటి కెమేరాలతోనే. తన పెన్ పేరుతో యాభై ఏళ్ళకు మళ్ళీ ఒక కెమేరా రావడం మయితాని చూశాడు. ఆ ప్రకటన తరువాత నెలన్నరకు, 2009 జూలై 30న కన్నుమూశాడు.

అయితే కెమేరా పరిమాణం గురించిన తగవు లెన్సులతో, ఫోకస్‌తో తీరేది కాదు. మన దేశంలో ఏ పెళ్ళిపందిరికి వెళ్ళినా ఈ సంగతి తెలుస్తుంది. ఫోటోగ్రాఫరు చిన్న కెమేరాతో దిగితే పెళ్ళికూతురు తండ్రి ముఖం మాడ్చుకుంటాడు: "ఏం బాబూ, పెద్ద కెమేరా తేలేదా?" మగపెళ్ళివారి మేనమామ మెడలో అంతకు రెట్టింపు కెమేరా వేలాడుతుంటే పరిస్థితి మరీ ఇబ్బంది. అందుకే కొందరు అవసరం లేకపోయినా కెమేరా అడుగున అదనపు బ్యాటరీ పెట్టె తగిలించి దానికి ఒళ్ళు తెప్పిస్తారు. ఇది నవ్వుకోవలసిన విషయం కాదు. పెద్ద కెమేరా ఒక అధికారచిహ్నం. అది చేతిలో ఉన్నవాడు పురోహితుణ్ణి ఒక్క నిమిషం ఆగమనగలడు. తాళి కట్టబోయే చేతిని ఇటు తిప్పమనగలడు. ముందు వరుసలోని పెద్దలను పక్కకు జరగమనగలడు. చిన్న కెమేరా పట్టుకున్నవాడికి ఆ మాట చెల్లదు. ఆ బరువుతోపాటు తమ మాటకూడా తేలికైపోతుందన్నదే ఎందరో వృత్తి ఫోటోగ్రాఫర్లు పైకి చెప్పని భయం.

ఆ అధికారానికి ఘనమైన వంశచరిత్ర ఉన్నది. సికింద్రాబాదులో స్టూడియో నడిపి, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్ దయాళ్ గాజుపలకల కాలపువాడు. ముక్కాలిపీట మీద కెమేరా నిలిపి, నల్లగుడ్డ కింద తల దూర్చి, చేయెత్తి కదలవద్దంటే దర్బారు దర్బారంతా కదలకుండా నిలబడవలసిందే. ఆ బొమ్మలలోని గాంభీర్యంలో సగం ప్రభువులది; తక్కిన సగం కెమేరాది.

పెద్ద కెమేరాకు మరొక గుణం కూడా ఉన్నది. అది అనుమతి అడగకుండా పని చేయలేదు. 1946లో అమెరికా ఛాయాచిత్రకారిణి మార్గరెట్ బర్క్-వైట్ గాంధీజీని రాట్నం దగ్గర ఫోటో తీయాలని వచ్చినప్పుడు, ముందు నూలు వడకడం నేర్చుకుని రమ్మన్నారు. ఆమె నేర్చుకున్నది. మసక వెలుతురులో ఫ్లాష్ తప్పదంటే మూడే మూడు బల్బులకు అనుమతి దొరికింది. మొదటి రెండు ప్రయత్నాలూ విఫలమైనాయి. మూడవదానితో లోకమంతా ఎరిగిన ఆ చిత్రం వచ్చింది. రెండేళ్ళకు, 1948 జనవరిలో, ఫ్రాన్సు దేశీయుడు ఆన్రీ కార్తియే-బ్రెసాఁ చిన్న లైకాతో ఢిల్లీలో ఉన్నాడు. గాంధీజీ హత్య జరిగిన రాత్రి, బిర్లా భవనం వాకిట గుమిగూడిన జనానికి నెహ్రూ ఆ వార్త చెబుతున్న క్షణాన్ని ఆయన ఉన్న వెలుతురులోనే తీశాడు. ఆ చీకటి, ఆ అస్పష్టత ఆ చిత్రానికి లోపాలు కావు. దేశం ఆ రాత్రి అలాగే ఉన్నది.

రెండూ గొప్ప చిత్రాలే. ఒకటి అడిగి తీసుకున్నది. రెండవది అడగడానికి వ్యవధి లేని వేళ తీసుకున్నది. చిన్న కెమేరాను స్వాగతించినవారు రెండవదానిని తలచుకుని సంతోషించారు: ఇక ఎవరినీ బెదరగొట్టకుండా, ఎవరి దుఃఖానికీ అడ్డు తగలకుండా పని చేయవచ్చునని. సంశయించినవారు మొదటిదానిని తలచుకున్నారు: అడగవలసిన అవసరం పోతే, అడిగే మర్యాదకూడా పోదా అని. వీధిలో నిద్రపోతున్న కూలీని, ఆసుపత్రి వరండాలో ఏడుస్తున్న తల్లిని, వారికి తెలియకుండానే తీసుకుపోగల పరికరం చేతికి వచ్చినప్పుడు ఫోటోగ్రాఫరు అంతరాత్మమీద ఎక్కువ భారం పడుతుంది. కెమేరా తగ్గించుకున్న బరువు మనిషి మోయవలసి వస్తుంది.

చూపు విషయంలోనూ ఇటువంటి మార్పే జరిగింది. అద్దంలో కనిపించేది మూలం. లోకంలోని వెలుతురే వచ్చి కంటిని తాకుతుంది. తెరమీద కనిపించేది దాని అనువాదం. ఎంత త్వరగా, ఎంత నమ్మకంగా వచ్చినా మరొక చేయి దాటి వచ్చినది. అద్దానికి అలవాటు పడినవారు తెరను చూసి, ప్రాణం లేదన్నది అందుకే. కాని ఫోటో అనేదే అనువాదం కదా! అద్దపు కెమేరా వాడేవాడు మూలాన్ని చూస్తూ, అది బొమ్మలో ఎలా దిగుతుందో మనస్సులో ఊహించుకునేవాడు. నీడ ఎంత నల్లబడుతుంది, మబ్బు ఎంత తెల్లబారుతుంది అన్నది ఏళ్ళ సాధనమీద తెలిసే విద్య. కొత్త కెమేరా ఆ జవాబును మీట నొక్కకముందే తెరమీద చూపించింది. విద్యార్థికి అది వరం. ఆ విద్యకోసం సగం జీవితం వెచ్చించినవాడికి కొంచెం నొప్పి కలగడం సహజం.

ఇందులో మరొక చమత్కారమున్నది. అద్దపు కెమేరాలో మీట నొక్కిన క్షణాన అద్దం లేచి కంటికి దారి మూసివేస్తుంది. ఎంతసేపో కాచి, సరిగ్గా పట్టుకున్న ఆ క్షణం ఒక్కటే ఫోటోగ్రాఫరు చూడని క్షణం! మొదటి మిర్రర్‌లెస్ కెమేరాలలోనూ తెర ఒక్క రెప్పపాటు చీకటయ్యేది. 2017లో సోనీ 'ఎ9'తో ఆ రెప్పపాటుకూడా తొలగింది. ఆటస్థలాలలో పనిచేసే వృత్తి ఫోటోగ్రాఫర్లు కొత్త పద్ధతివైపు గంభీరంగా చూడడం మొదలుపెట్టింది ఆ తరువాతనే.

మిగిలిన కథ త్వరగా నడిచింది. 2013లో సోనీ సంస్థ ఫిల్ము చట్రమంత పెద్ద సెన్సరును అద్దం లేని చిన్న కెమేరాలో పెట్టింది. 2018లో నికాన్, కానన్ సంస్థలు తమ పెద్ద కెమేరాల వంశాన్నికూడా ఇటే మళ్ళించాయి. 2020లో ప్రపంచమంతటా కార్ఖానాలనుంచి బయలుదేరిన మిర్రర్‌లెస్ కెమేరాల సంఖ్య అద్దపు కెమేరాలను మించింది. కాని ఈ విజయంలో ఒక విషాదరేఖ లేకపోలేదు. 2010లో 12 కోట్లు దాటిన డిజిటల్ కెమేరాల సరఫరా 2020 నాటికి 90 లక్షలకు లోపే మిగిలింది. జేబులో ఇమిడే కెమేరా చోటును ఫోను ఆక్రమించుకున్నది. అద్దపు కెమేరా, అద్దం లేని కెమేరా తమలో తాము వాదించుకుంటుండగా జనం మూడవదానిని చేతపట్టి వెళ్ళిపోయారు. ఒలింపస్‌కూడా తన కెమేరా వ్యాపారాన్ని విడదీసి, 2021 జనవరినుంచి వేరే సంస్థకు అప్పగించింది. మిర్రర్‌లెస్ కెమేరాలు సైతం కాలక్రమేణా బరువెక్కి, అద్దపు కెమేరాల లాగే కంటి గూళ్ళూ, పెద్ద లెన్సులూ తగిలించుకున్నాయి. పెళ్ళికూతురు తండ్రికి ఇప్పుడు వాటిని చూసి అసంతృప్తి లేదు.

అయినా ఆ మొదటి చిన్న కెమేరా చేయించిన పని ఒకటి తలచుకోదగినది. అద్దపు కెమేరాను కంటికి ఆన్చుకున్నప్పుడు ఫోటోగ్రాఫరు ముఖం సగం మరుగున పడుతుంది. ఎదుటివాడు చూసేది నల్లని యంత్రాన్ని, దానిలోని గాజుకన్నును. మన దేశపు తొలి పత్రికా ఛాయాచిత్రకారిణి హోమాయ్ వ్యారావాలా వాడిన రోలీఫ్లెక్స్ వంటి కెమేరాలలో ఆ ఇబ్బంది తక్కువ. దానిని బొజ్జ దగ్గర పట్టుకుని, తల వంచి చూస్తారు. ఒక విధంగా అది నమస్కరించినట్లే ఉంటుంది. కంటి గూడు లేని ఇ-పి1, ఫోటోగ్రాఫరు ముఖాన్ని మళ్ళీ బయటికి తెచ్చింది. తెరవంక చూస్తున్నవాడు తల కొంచెం ఎత్తితే చాలు, ఎదుటి మనిషి కళ్ళలోకి చూడవచ్చు.

కెమేరా చూడగానే బిగుసుకుపోయే పిల్లలుంటారు. పెద్ద కెమేరా ముందు వారు బడిలో తనిఖీ అధికారి వచ్చినట్లు నిలబడతారు. అదే పిల్లవాడు, చేతులు చాచి చిన్న కెమేరా పట్టుకుని అవస్థపడుతున్న ఒక నడివయస్సు మనిషిని, ముక్కు చివరికి జారిన కళ్ళజోడుతో తెరను వెతుక్కుంటున్న ఆ ముఖాన్ని చూసి ఫక్కున నవ్వుతాడు. ఫోకస్ ఇంకా ముందుకూ వెనక్కూ ఊగుతూనే ఉంటుంది. బొమ్మ కొంచెం చెదరవచ్చు. ఆ నవ్వు మాత్రం కెమేరాను చూసి నవ్వినది కాదు, కెమేరా వెనుకనున్న మనిషిని చూసి నవ్వినది.